కొత్త బండి, వారంటీ, జాబ్‌కార్డు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కొత్త మోటార్‌సైకిల్ కొన్న కొద్ది రోజులకే ఏదో ఒక లోపం బయటపడిందనీ, వారంటీ ఉన్నా పని జరగడం లేదనీ వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. కొలతలు చెప్పినచోట అవి చాలా బళ్లకు సరిపోయే మామూలు కొలతలు. మీ బండితో ఇచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: బండి కొని రెండు నెలలైంది, 900 కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ కుడిపక్క కవరు కింద ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే గుడ్డతో తుడిచి, బోల్టులు బిగించి పంపేశారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. కొత్త బండికి ఇది మామూలే అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఏ గాస్కెట్ (రెండు భాగాలు కలిసేచోట ఆయిల్ కారకుండా మధ్యలో వేసే పలచటి పొర) దగ్గర నుంచైనా ఆయిల్ బయటికి రావడం లోపమే, 900 కిలోమీటర్ల బండికి మరీను. అయితే చెమ్మ కనబడిన చోటే కారుతోందని అనుకోకండి. బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ని వెనక్కి, బరువు కిందికి లాక్కుపోతాయి. పైన హెడ్ కవరు రబ్బరు దగ్గర పుట్టిన చెమ్మ ఫిన్నుల (ఇంజన్ చల్లబడటానికి ఉండే రెక్కల) సందుల్లోంచి జారి కింద క్లచ్ కవరు అంచున తేలుతుంది. కింద కనబడింది కదా అని క్లచ్ కవరు గాస్కెట్ మారిస్తే కొత్త గాస్కెట్ మీద కూడా అదే తడి వచ్చి చేరుతుంది.

అసలు చోటు పట్టుకోవడానికి బోల్టు కూడా విప్పనక్కర్లేని పద్ధతి ఒకటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఆ పక్కంతా డీగ్రీజర్‌తో తుడిచి, సందుల్లోని తడి కూడా ఆరనివ్వండి. కవర్లు కలిసే గీతల వెంబడి మామూలు టాల్కం పౌడరు పలచగా చల్లండి. బ్రేకు డిస్కు మీద మాత్రం పడనివ్వకండి. 5 నుంచి 10 కిలోమీటర్లు నడిపి వచ్చి, టార్చి వేసి చూడండి. ఆయిల్ తగిలిన చోట పౌడరు ముద్దకట్టి గోధుమరంగు చారలా కనిపిస్తుంది. ఆ చారను పైకి, ముందువైపుకి వెంబడిస్తే అది మొదలైన చోటు దొరుకుతుంది. చారకు ఒక ఫోటో, అదే పూట ఓడోమీటరుకు ఒక ఫోటో తీసి పెట్టుకోండి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచితే పొద్దున ఎన్ని చుక్కలు పడ్డాయో కూడా లెక్క తేలుతుంది.

అనుమానించాల్సిన చోట్లు ఎక్కువేం ఉండవు: హెడ్ కవరు రబ్బరు, సిలిండర్ పైన కింద ఉండే గాస్కెట్లు, క్లచ్ కవరు, మాగ్నెట్ (బండికి కరెంటు పుట్టించే భాగం) కవరు, డ్రెయిన్ బోల్టు వాషరు, ముందు స్ప్రాకెట్ వెనకాల ఉండే ఆయిల్ సీలు. మొదటి సర్వీసు తర్వాతే కారడం మొదలైతే ముందు డ్రెయిన్ బోల్టు చూడండి. అక్కడి వాషరు చాలా బళ్లలో ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు, పాతదే వేసి బిగిస్తే చెమ్మ తప్పదు. ముందు స్ప్రాకెట్ దగ్గర నల్లగా, జిగటగా ఉంటే అది చాలాసార్లు చైనుకి వేసిన లూబే. వేలికి తీసుకుని చూడండి. ఇంజన్ ఆయిల్ పలచగా జారుతుంది, చైన్ లూబ్ తీగసాగుతుంది.

ఇక బోల్టులు బిగించడం గురించి. ఆ కవర్లకు ఉండేవి 6 మిల్లీమీటర్ల బోల్టులు, వాటికి దాదాపు 10 న్యూటన్ మీటర్ల టార్కు చాలు. చెమ్మ వచ్చినప్పుడల్లా ఇంకాస్త ఇంకాస్త అని బిగిస్తూ పోతే గాస్కెట్ ఓచోట నలిగి, మరోచోట వదులవుతుంది. అల్యూమినియం మరలు తినేస్తాయి. అప్పుడు చిన్న రిపేరు పెద్దదవుతుంది. కాబట్టి మూడోసారి వెళ్లినప్పుడు బిగింపుకు ఒప్పుకోకండి. 'ఫలానా చోట ఆయిల్ లీకు, రెండుసార్లు బిగించినా తగ్గలేదు, గాస్కెట్ మార్చి, పౌడరు వేసి నడిపి చూపించాలి' అని జాబ్‌కార్డులో, అంటే మీ ఫిర్యాదూ వాళ్లు చేసే పనీ రాసే సర్వీస్ సెంటర్ కాగితంలో, రాయించండి. అంతకుముందు రెండుసార్లూ జాబ్‌కార్డు వేయకుండానే తుడిచి పంపి ఉంటే, కంపెనీ రికార్డుల్లో మీరు అసలు వెళ్లనట్టే లెక్క.

ప్రశ్న: ఇంజన్‌లోంచి టిక్ టిక్ మని చప్పుడు వస్తోంది. 'ట్యాపెట్ సౌండ్, అదే సర్దుకుంటుంది' అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: ట్యాపెట్ అంటే ఇంజన్ వాల్వును తెరిచే భాగం. దానికీ వాల్వుకీ మధ్య ఉండే సన్నటి గ్యాపు పెరిగితే టిక్ టిక్ మంటుంది. ఆ చప్పుడు దానంతట అది సర్దుకోదు. అడ్జస్ట్ చేస్తేనే తగ్గుతుంది. కాకపోతే అది ట్యాపెట్ చప్పుడో కాదో ముందు తేల్చుకోవాలి.

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండుసార్లు తిరిగితే వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, నిమిషానికి 1,400 తిరుగుళ్లు ఉంటే ట్యాపెట్ చప్పుడు 700 సార్లు, అంటే సెకనుకు పన్నెండు దాకా వినిపిస్తుంది. కుట్టుమిషను ఒకే వేగంతో నడుస్తున్నట్టు ఉంటుంది, యాక్సిలరేటర్ ఇస్తే అదే లెక్కన పెరుగుతుంది. టైమింగ్ చైను (ఇంజన్ లోపల వాల్వులను నడిపే చైను) వదులైతే చప్పుడు అంత లయగా ఉండదు, గలగలమంటుంది. స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలోనో, యాక్సిలరేటర్ వదిలినప్పుడో ఎక్కువవుతుంది. అలాంటప్పుడు చూడాల్సింది చైన్ టెన్షనర్. చల్లటి ఇంజన్‌లో టిక్‌మంటూ వేడెక్కాక తగ్గిపోతే సైలెన్సర్ పైపు ఇంజన్‌కి కలిసే చోట చూడండి. గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే ఆ అంచున నల్లటి మసి గీత ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు వేసినప్పుడు ఠంగ్ ఠంగ్ మని బరువైన దెబ్బలా వినిపిస్తే మాత్రం అక్కడితో నడపడం ఆపి, ఆయిల్ లెవెల్ చూసి, బండిని వాహనంలో ఎక్కించి పంపండి. క్రాంకు బేరింగ్ పోయిన బండిని నడుపుకుంటూ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే పోవాల్సినవి ఇంకా పోతాయి.

ట్యాపెట్ గ్యాపు చూడాల్సింది చల్లటి ఇంజన్‌లో, పిస్టన్ కంప్రెషన్ స్ట్రోకులో పైకొచ్చి ఆగినప్పుడు. చాలా చిన్న ఇంజన్లలో ఇన్‌లెట్‌కి 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య, ఎగ్జాస్ట్‌కి దానికన్నా కొంచెం ఎక్కువ ఉంటుంది. పొద్దున్నే బండి నడుపుకుంటూ వెళ్లి, పది నిమిషాల్లో గ్యాపు చూసేశామంటే ఆ కొలత పనికిరాదు. బండిని రాత్రి అక్కడే వదిలి, పొద్దున కొలవమనండి. ఇంకో మాట కూడా ఉంది. చప్పుడు పోవాలని గ్యాపు మరీ తగ్గించి బిగించే మెకానిక్‌లున్నారు. చప్పుడు చేసే వదులు ట్యాపెట్ కన్నా చప్పుడు లేని బిగుతు ట్యాపెట్టే ప్రమాదం. వాల్వు పూర్తిగా మూసుకోక అంచులు కాలిపోతాయి. అందుకే 'చప్పుడు తగ్గించాం' అన్న మాటతో సరిపెట్టుకోకుండా, కొలిచిన గ్యాపు ఎంత, సరిచేశాక ఎంత అన్న రెండు అంకెలూ జాబ్‌కార్డులో రాయమనండి.

మీది చెవి అనుమానమా, నిజమైన లోపమా అని తేల్చడానికి అదే మోడల్ బండి ఇంకొకటి పక్కన నిలబెట్టి, రెండూ ఒకే వేడిలో ఉన్నప్పుడు వినిపించమని అడగండి. తేడా ఉంటే సర్వీస్ అడ్వైజర్‌కి కూడా వినిపిస్తుంది. ఆ పోలికను ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకోండి.

ప్రశ్న: నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోతోంది. మూడుసార్లు చూపించాను. వాళ్లు నడిపినప్పుడు ఆగడం లేదు. 'లోపం ఏమీ కనబడలేదు' అని రాసి ఇచ్చేశారు. ఏం చేయాలి?

జవాబు: వారంటీలో అన్నిటికన్నా కష్టమైన లోపం ఇదే. మెకానిక్ కళ్లముందు రాని లోపాన్ని అతను బాగుచేయలేడు. అది పూర్తిగా అతని తప్పు అనలేం. లోపం ఎప్పుడు వస్తుందో అతనికి అంత కచ్చితంగా చెప్పగలగడం ఒక్కటే దారి.

ఆగిన ప్రతిసారీ కొన్ని విషయాలు గమనించి అక్కడికక్కడే ఫోన్‌లో రాసుకోండి. మీటరు లైట్లు కూడా ఆరిపోయాయా, వెలుగుతూనే ఉన్నాయా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీటరుతో సహా అంతా ఆరితే కరెంటే ఆగినట్టు. బ్యాటరీ టెర్మినల్ వదులు, మెయిన్ ఫ్యూజు, తాళం స్విచ్, హ్యాండిల్ దగ్గర నలిగిన వైరింగ్ చూడాలి. బండి నిలబెట్టి ఇంజన్ నడుస్తుండగా హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి, అప్పుడు ఆగితే వైరింగే. మీటరు వెలుగుతూ ఇంజన్ ఒక్కటే ఠక్కున ఆగితే సైడ్‌స్టాండ్ స్విచ్, ఫ్యూయల్ పంపు, సెన్సర్ల కనెక్టర్లు. గుంతలో పడ్డప్పుడే ఆగుతుంటే అనుమానం స్విచ్ మీదా, కనెక్టర్ల మీదా. పెట్రోలు అయిపోతున్నట్టు కాసేపు గుంజి గుంజి ఆగి, కొద్దిసేపు ఆగాక మళ్లీ నడిస్తే, ఆగిన వెంటనే ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి సుయ్‌మని పీల్చుకుంటే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయింది. క్లచ్ పట్టి, యాక్సిలరేటర్ వదిలి బండి ఆపబోయేటప్పుడే ఆగితే ఐడ్లింగ్ సర్దే భాగం, థ్రాటిల్ బాడీ.

ఇప్పుడు ఫిర్యాదు ఎలా రాయించాలో చూడండి. 'ఇంజన్ ఆగిపోతోంది, సెన్సర్ పోయింది' అని రాయిస్తే వాళ్లు సెన్సర్ చూసి, బాగానే ఉందని రాసేస్తారు. పని అక్కడితో ముగుస్తుంది. దానికి బదులు: 'ఇంజన్ బాగా వేడెక్కాక, ఇరవై నిమిషాలు నడిపిన తర్వాత, యాక్సిలరేటర్ వదిలి క్లచ్ పట్టగానే ఆగుతోంది. మీటరు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటోంది. గత వారంలో 4 సార్లు. మొదటిసారి 1,120 కిలోమీటర్ల దగ్గర.' ఇది చదివిన మెకానిక్ బండిని షెడ్డు చుట్టూ రెండు రౌండ్లు తిప్పి 'ఏమీ లేదు' అనలేడు, ఇరవై నిమిషాలు నడపాలి. పార్టు పేరు చెప్పడం మెకానిక్ పని. మీరు లక్షణమే చెప్పండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే ఇంజన్ కంప్యూటర్‌లో ఫాల్ట్ కోడ్ నిలిచి ఉండొచ్చు. సర్వీస్ సెంటర్‌కి వెళ్లేముందు బ్యాటరీ వైరు తీయకండి, కొన్ని బళ్లలో ఆ కోడ్లు చెరిగిపోతాయి. స్కానర్ పెట్టినప్పుడు పక్కన నిలబడి, కోడ్లు చెరిపేయకముందే ఆ తెరను ఫోటో తీసుకోండి. 'ఇప్పుడు ఏ లైటూ లేదు కదా' అంటే పాత కోడ్లు కూడా చదవమని అడగండి.

అప్పటికీ దొరక్కపోతే బండి మూడు నాలుగు రోజులు అక్కడే వదిలి, వాళ్ల మనిషి ఇంటికీ షెడ్డుకీ దాన్నే నడపాలని, ఎన్ని కిలోమీటర్లు నడిపారో రాయాలని కోరండి. వదిలేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఓడోమీటరు ఫోటో ఉండాలి. 'లోపం కనబడలేదు' అన్న కాగితం కూడా పారేయకండి. మీరు ఫలానా తేదీన ఫిర్యాదు చేశారని వాళ్లే ఇచ్చిన సాక్ష్యం అది.

ప్రశ్న: రెండో గేరులో వెళ్తుంటే అప్పుడప్పుడూ న్యూట్రల్‌కి జారిపోతోంది. 1,500 కిలోమీటర్లు తిరిగింది. కొత్త గేర్‌బాక్సు సాఫ్ట్ అవడానికి టైం పడుతుందా?

జవాబు: గేరు మారేటప్పుడు కొంచెం బిగుతుగా ఉండటం, చల్లటి ఇంజన్‌లో మొదటి గేరు వేస్తే ఠక్‌మనడం కొత్త బండికి మామూలే, తగ్గుతాయి. పడిన గేరు జారడం అలాంటిది కాదు. గేర్ల పక్కన పళ్లలాంటి డాగ్‌లు ఒకదానిలో ఒకటి దిగి పట్టుకుంటాయి. షిఫ్ట్ ఫోర్కు వాటిని పూర్తిగా దింపకపోతే అంచుల్లోనే పట్టుకుని, లోడు పడగానే జారతాయి. జారిన ప్రతిసారీ ఆ అంచులు కాస్త గుండ్రమవుతాయి, దాంతో మరింత సులువుగా జారతాయి. వెయ్యి కిలోమీటర్లు చూద్దాం అనుకుంటే పనికిరాదు, ఈ వారమే చూపించండి.

వెళ్లేముందు రెండు చూసుకోండి. గేరు లివరు మరీ ఎత్తుగా ఉంటే కాలు పూర్తిగా ఎత్తలేక గేరు సగమే పడుతుంది. క్లచ్ లివరు చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఆట లేకపోయినా గేర్లు సరిగ్గా పడవు. ఈ రెండూ బాగుండి కూడా, రెండో గేరులో బలంగా యాక్సిలరేటర్ ఇచ్చి ఒక్కసారిగా వదిలితే జారుతోందంటే లోపం లోపలే ఉంది. దీనికి ఇంజన్ కేసు విడదీయాలి. రెండు మూడు రోజుల పని కాబట్టి లివరు సర్ది పంపాలని చూస్తారు. విడదీసినప్పుడు ఫోర్కు ఒక్కటే మార్చి, అరిగిన గేరు అలాగే ఉంచితే మళ్లీ మొదటికొస్తుంది. జారిన గేరూ, అది పట్టుకునే జత గేరూ, ఫోర్కూ మూడూ మార్చారా అని అడిగి, జాబ్‌కార్డులో పార్టు నంబర్లు చూసుకోండి.

ప్రశ్న: నాలుగు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ తీసుకోవడం లేదు. బయట రెండు ఎక్స్‌ట్రా లైట్లు వేయించాను. బ్యాటరీ వారంటీలో మారుస్తారా?

జవాబు: ముందు లైట్ల సంగతి. వైరింగ్ కోసి ఎక్కడ అతికించారన్నదే వాళ్లు మొదట చూస్తారు, ఆ కోతే సాకవుతుంది. 55 వాట్ల లైట్లు రెండు వేస్తే దాదాపు 9 ఆంపియర్లు లాగుతాయి. చిన్న బండి మాగ్నెట్ ఐడ్లింగ్‌లో అంత ఇవ్వలేదు, ఆ లోటు బ్యాటరీ నుంచే పోతుంది.

మల్టీమీటరు ఉంటే కొలతలు మీరే తీయవచ్చు, దేన్నీ కోయాల్సిన పనిలేదు. రాత్రంతా ఆపిన బండిలో పొద్దున్నే బ్యాటరీ మీద 12.6 వోల్టులో, ఆపైనో ఉండాలి. 12.2 కన్నా తక్కువుంటే ఛార్జి బాగా తగ్గింది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.5 కన్నా కిందికి పడిపోతే బ్యాటరీ నీరసించింది. ఇంజన్‌ని 4,000 నుంచి 5,000 తిరుగుళ్ల మధ్య ఉంచితే 13.5 నుంచి 14.8 మధ్య చూపించాలి. అంతకన్నా తక్కువైతే బ్యాటరీకి ఛార్జింగ్ అందడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ పాడైంది, కొత్త బ్యాటరీ వేసినా అది కూడా ఉడికిపోతుంది. ఇవన్నీ బాగుంటే, తాళం తీసేశాక కూడా కరెంటు ఎక్కడో కారుతోందన్నమాట. నెగటివ్ వైరు విప్పి మధ్యలో ఆంపియర్ మీటరు పెడితే ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే ఉండాలి. 20 ఉందనుకోండి, రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ పోతుంది. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగైదు రోజులకే సగమవుతుంది. మీ నాలుగు రోజులకు ఇది సరిగ్గా సరిపోతోంది. ఎక్స్‌ట్రా లైట్ల రిలే వైరు విప్పి మళ్లీ కొలవండి, అంకె పడిపోతే దోషి అదే, వారంటీ రాదు. అంకె మారకపోతే ఆ కొలతే తీసుకెళ్లి చూపించండి. కొన్ని బళ్లకు బ్యాటరీ వారంటీ బ్యాటరీ తయారుచేసినవాళ్లు విడిగా ఇస్తారు, దాని కార్డు వెతికి పెట్టుకోండి. టైర్లకూ అంతే.

ప్రశ్న: మొదటి సర్వీసులో తీసిన ఆయిల్‌లో మెరుపు కనిపించింది. ఇంజన్ అరిగిపోతోందా?

జవాబు: మొదటి ఆయిల్‌లో సన్నటి వెండి మెరుపు ఉంటుంది, కొత్త పార్టులు ఒకదానితో ఒకటి రాసుకుని నునుపవుతున్నప్పుడు వచ్చే పొడి అది. అందుకే ఆ సర్వీసు దాటవేయకూడదు. ఒక చుక్క బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. మెత్తగా ఉంటే భయం లేదు. ఇసుకలా గరగరలాడినా, రేకుముక్క తగిలినా దాచి పెట్టండి. అయస్కాంతానికి అతుక్కుంటే ఉక్కు, అంటే గేర్లు, బేరింగ్‌ల వైపు నుంచి వచ్చింది. అతుక్కోకపోతే చాలావరకు అల్యూమినియం. అలాంటి ముక్క కనిపిస్తే ఆ ఆయిల్‌ని శుభ్రమైన సీసాలో పట్టించుకుని, జాబ్‌కార్డులో రాయించండి.

ప్రశ్న: బయట మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పిస్తే వారంటీ పోతుందా? కారు ఆయిల్ మంచిదంటున్నారు.

జవాబు: షరతులు వారంటీ పుస్తకంలో ఉంటాయి, అవి చదవకుండా బయట ఏదీ చేయించకండి. సర్వీసులు కిలోమీటర్లు, రోజులు, ఈ రెండిటిలో ఏది ముందైతే దాని ప్రకారం జరగాలి. తక్కువ తిరిగే బళ్లవాళ్లు రోజుల లెక్క మర్చిపోయి దెబ్బతింటారు. ఇక కారు ఆయిల్ వద్దే వద్దు. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. ఇంధనం ఆదా కోసం కారు ఆయిళ్లలో కలిపే జారుడు రసాయనాలు ఆ ప్లేట్లను జారేలా చేస్తాయి. డబ్బా మీద జాసో ఎంఏ, లేదా ఎంఏ2 అని మోటార్‌సైకిల్ ఆయిల్ గ్రేడు ఉండాలి. క్లచ్ ప్లేట్లు ఎలాగూ అరిగే పార్టుల జాబితాలోవే. ఆయిల్ వల్ల పోయాయని తేలితే ఎవరూ బాధ్యత తీసుకోరు.

ప్రశ్న: ముందు బ్రేకు వేస్తే లివరు వేళ్లకింద కొట్టుకుంటోంది. బ్రేకు ప్యాడ్లకు వారంటీ లేదని అంటున్నారు.

జవాబు: ప్యాడ్లకు లేకపోవచ్చు. మీ ఫిర్యాదు ప్యాడ్ల గురించి కాదు, డిస్కు గురించి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేటప్పుడు కూడా లివరు కొట్టుకుంటుంది, అది గట్టిగా బ్రేకు వేసినప్పుడే వస్తుంది. మెల్లగా వేసినా, చక్రం తిరుగుడుతో పాటే కొట్టుకుంటే డిస్కు నిటారుగా తిరగడం లేదు. డయల్ గేజి పెట్టి కొలవమనండి. 0.2, 0.3 మిల్లీమీటర్ల దగ్గరే చాలా బళ్లలో హద్దు. డిస్కు అరుగుదల మాట వస్తే, ఉండాల్సిన కనీస మందం డిస్కు మీదే చెక్కి ఉంటుంది, వెర్నియర్‌తో కొలిస్తే నిమిషంలో తేలుతుంది. మందం బాగుండి, ఒంపు హద్దు దాటితే అది తయారీ లోపం కిందే అడగాలి. బాగా వేడెక్కిన బ్రేకును నొక్కిపట్టి బండి ఆపి ఉంచితే ప్యాడు పదార్థం ఒకేచోట అంటుకుని కూడా ఇలాగే కొట్టుకుంటుంది, కాబట్టి కొలవకుండా ఏదీ తేల్చవద్దు. లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తున్నా, కాలిపర్ దగ్గర తడి కనిపించినా బండి నడపకండి.

ప్రశ్న: చైను ప్రతి రెండు వారాలకూ వదులవుతోంది.

జవాబు: కొత్త చైను మొదటి వెయ్యి కిలోమీటర్లలో కొంత సాగుతుంది. కింది వరస మధ్యలో పైకీ కిందికీ 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉండి ఆ తేడా ఎక్కువైతే స్ప్రాకెట్ గుండ్రంగా లేదు, లేదా కొన్ని లింకులు బిగుసుకున్నాయి. చైను అరిగే పార్టే అయినా కొన్ని వందల కిలోమీటర్లకే ఇలా ఉంటే లోపం కింద అడగవచ్చు. వదులైన చోటు చూసి సర్దితే బిగుతైన చోట చైను తీగలా లాగి గేర్‌బాక్సు బేరింగ్ మీద భారం వేస్తుంది, ఎప్పుడూ బిగుతైన చోటే కొలిచి సర్దాలి.

ప్రశ్న: ఆయిల్ తగ్గిపోతోంది. కొత్త బండి తాగుతుందిలే అంటున్నారు.

జవాబు: కొంచెం తాగుతుంది, పిస్టన్ రింగులు సర్దుకునేదాకా. ఎంత అన్నది కొలవాలి. చదునైన నేల మీద మెయిన్‌స్టాండ్ వేసి, ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి లెవెల్ చూడండి. సైడ్‌స్టాండ్ మీద చూస్తే అంకె తప్పు వస్తుంది. సర్వీస్ సెంటర్‌లోనే పై గీత దాకా పోయించి, ఆయిల్ మూత మీదా డ్రెయిన్ బోల్టు మీదా పెయింట్ గుర్తు పెట్టించండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత వెళ్లి అదే గీత దాకా కొలపాత్రతో పోయించండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో అదే జవాబు, ఎవరూ కాదనలేరు. ఈలోగా పొగ చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు నీలంగా వచ్చి ఆగితే వాల్వు సీళ్లు. యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపూ నీలంగా ఉంటే రింగులు. తెల్లటి ఆవిరి వేడెక్కగానే పోతే అది నీళ్ల చెమ్మే. పై గీత దాటి ఆయిల్ పోస్తే అది బ్రీదర్ పైపులోంచి ఎయిర్ ఫిల్టరులోకి చేరి, తాగుతున్నట్టే కనిపిస్తుంది.

ప్రశ్న: ఒకే లోపానికి నాలుగుసార్లు వెళ్లాను. వారంటీ ఇంకో నెలే ఉంది. 'ఇది వారంటీలో రాదు' అని ఇప్పుడు నోటిమాటగా చెబుతున్నారు.

జవాబు: నోటిమాటను ఒప్పుకోకండి. ఏ షరతు ప్రకారం రాదో, ఏ కారణం వల్ల ఈ లోపం వచ్చిందని తేల్చారో రాసి ఇవ్వమనండి. సర్వీసు ఆలస్యమైందనో, బయట లైట్లు వేయించారనో అంటే, ఆ పనికీ ఈ లోపానికీ ఉన్న సంబంధం ఏమిటో అందులో ఉండాలి. రాయాల్సి వచ్చేసరికి చాలాచోట్ల మాట మారుతుంది.

గడువు లోపలే ఇంకో జాబ్‌కార్డు వేయించండి, ముందటి జాబ్‌కార్డు నంబర్లన్నీ అందులో రాయించి. గడువు ముగిసేలోపే ఫిర్యాదు ఉందని చూపించే కాగితం అదే. తర్వాత ఒక్క పేజీలో పట్టిక చేయండి: తేదీ, కిలోమీటర్లు, జాబ్‌కార్డు నంబరు, వాళ్లు చేసిన పని, లోపం మళ్లీ కనబడిన తేదీ, బండి షెడ్డులో ఉన్న రోజులు. ఆ పేజీని డీలర్‌కి కాకుండా నేరుగా కంపెనీ కస్టమర్ విభాగానికి పంపి, కంపెనీ సాంకేతిక నిపుణుడు వచ్చి బండి చూడాలని అడగండి. కోపంతో రాసిన నాలుగు పేజీల కన్నా ఈ పట్టికను ఎవరైనా చదువుతారు. అలాగే 17 అక్షరాలు, అంకెలు ఉన్న మీ ఫ్రేమ్ నంబరు ఇచ్చి, దాని మీద రీకాల్ గానీ ఉచిత మరమ్మతు గానీ ప్రకటించారా అని అందులోనే అడగండి. భద్రతకు సంబంధించిన రీకాల్ అయితే మామూలుగా ఉచితంగానే చేస్తారు, వారంటీ గడువుతో దానికి ముడి ఉండదు.

వారంటీలో మార్చిన పార్టుకు సాధారణంగా బండి వారంటీలో మిగిలిన గడువే వర్తిస్తుంది, కొత్తగా మొదలవదు. విప్పిన పాత పార్టు కంపెనీకి వెళ్లిపోతుంది, కనుక అది అక్కడ ఉండగానే ఫోటో తీసుకోండి.

ప్రశ్న: రిపేరు అయ్యాక బండి తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: సంతకం పెట్టకముందే నడపండి. లోపం వేడి ఇంజన్‌లో వచ్చేదైతే ఇంజన్ వేడెక్కేదాకా, చల్లటి ఇంజన్‌లో వచ్చేదైతే మర్నాడు పొద్దున స్టార్ట్ చేసి చూశాకే తీసుకుంటానని చెప్పండి. ఇంజన్ విప్పిన బండి అయితే ఆయిల్ లెవెల్, సైలెన్సర్ నట్లు, క్లచ్ లివరు ఆట, బ్యాటరీ టెర్మినళ్లు మీరే చూసుకోండి. విప్పిన పని తర్వాత మర్చిపోయేవి మామూలుగా ఇవే. జాబ్‌కార్డు మీద 'కస్టమర్ తృప్తి చెందారు' అని ముందే అచ్చువేసి ఉంటే, సంతకం పక్కన 'నడిపి చూడాల్సి ఉంది' అని మీ చేత్తో రాసి, తేదీ, ఓడోమీటరు అంకె వేసి సంతకం చేయండి. దాని కాపీ తీసుకుని బండి కాగితాలతో పాటే ఉంచండి.